పక్క సీటు మీద కర్చీఫ్

ఎక్కడ కూర్చున్నా కామరాజు ముందు జేబులోంచి కర్చీఫ్ తీసి పక్క సీటు మీద వేస్తాడు. బస్సులో అయితే కిటికీ వైపు సీటు మీద. సినిమా హాల్లో అయితే ఫ్యాను కిందున్న సీటు మీద. రెండింట్లో ఏది మంచిదో దాని మీద కర్చీఫ్ వేసి, మిగిలినదాంట్లో తను కూర్చుంటాడు. ఫ్యాక్టరీ క్యాంటీన్లోనూ అంతే. ఎవరైనా వచ్చి నిలబడితే తలెత్తి మొహం చూస్తాడు. చూసి, కర్చీఫ్ తీసేస్తాడు. వచ్చినవాళ్ళు కూర్చుంటారు. ఎవరి కోసం పట్టావని మొదట్లో అడిగేవారు. తర్వాత మానేశారు.

వాళ్ళ ఊరు ఇప్పుడు లేదు. అది ఉన్నచోట ఉక్కు ఫ్యాక్టరీ ఉంది. భూములు పోయిన ఇంటికి ఒక ఉద్యోగం అన్నారు. ఇల్లు ఒకటే, అన్నదమ్ములు ఇద్దరు. పెద్దవాడు కాబట్టి ఉద్యోగంలోకి కామరాజు వెళ్ళాడు. అప్పటికి తమ్ముడు శివరామకృష్ణ నిక్కర్లు తొడుక్కునే గుంటడు. తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయాక అన్న దగ్గరే పెరిగాడు. మీసాలొచ్చాక గాజువాకలో ఒక షాపులో వెల్డింగ్ నేర్చుకున్నాడు. పనుంటే వెళ్ళేవాడు, లేకపోతే వీధరుగు మీద కూర్చునేవాడు. అన్న మీద కోపం పెట్టుకున్నవాడు కాదు. జీతం రోజు మాత్రం గుమ్మంలోనే ఎదురొచ్చేవాడు.

"నీ ఉద్యోగంలో సగం నాదన్నియ్యా. ఆ సగంతో సినిమా సూపించు."

కామరాజు చూపించేవాడు. అది వాళ్ళిద్దరి మధ్య లెక్క. దాన్ని ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడుకోలేదు.

కూర్మన్నపాలెం దాటాక రోడ్డు పక్కన ఒక సినిమా హాలు ఉండేది. పైన రేకులు. వాన పడితే మాటలు వినపడవు, ఎండ కాస్తే కూర్చోలేరు. ఏ పేరు పెట్టి కట్టారో గానీ అందరూ రేకుల హాలనే అనేవారు. సీట్లకి నంబర్లు లేవు. తలుపు తియ్యగానే పరిగెత్తి కర్చీఫ్ వేసినవాడిది సీటు. తొంభయ్యేడులో ఆ హాల్లోకి ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చిన బొమ్మ ఒకటి వచ్చింది. పేరు మంచురేవు. గోడల మీద పోస్టర్లలో తెల్లటి సముద్రం, దాంట్లో ఒక పడవ.

కథ చిన్నదే. సముద్రం గడ్డకట్టిన దేశం. ఒక పడవవాడు. మంచు మధ్య సన్నటి నీటిదారి విడినప్పుడు అవతలి ఒడ్డుకు మనుషుల్ని దాటిస్తాడు. రేవు దగ్గర చెల్లెలు లాంతరు పట్టుకుని నిలబడుతుంది. ఒకసారి దాటించి తిరిగొచ్చేలోపు దారి మూసుకుపోతుంది. పడవవాడు అటే ఉండిపోతాడు. చెల్లెలు ఇటు. మొదటి భాగం అక్కడ ఆగిపోయింది.

ఆ దేశంలో పడవవాడి దగ్గర్నుంచి రాక్షసుల దాకా అందరూ పుస్తకాల తెలుగు మాట్లాడతారు. శివరామకృష్ణకి అది మహా సరదా. "రేవు విడువకుము సోదరీ" అని పడవవాడు అన్న మాట పట్టుకుని ఇంట్లో రోజూ అదే పాట. నీళ్ళకి వెళ్తూ వదినతో అనేవాడు. దొడ్డికి వెళ్తూ అన్నతో అనేవాడు. వదిన వరహాలమ్మ చేటతో వెంటపడేది.

కామరాజుకి సరదా వేరు. అతను పనిచేసేది కోక్ ఓవెన్ల దగ్గర. బొగ్గు రాత్రింబవళ్ళు మూసిన పొయ్యిల్లో కాలి, కోక్‌గా మారి, తలుపు తీసినప్పుడు ఎర్రటి గోడలా బయటికి పడుతుంది. చెక్క అడుగులున్న బూట్లు వేసుకున్నా అరికాళ్ళు కమిలిపోతాయి. ఇంటికొచ్చి నీళ్ళు పోసుకున్నా ఒంట్లో సెగ తగ్గదు. ఆ హాల్లో, ఆ రేకుల కింద, చొక్కా వీపుకి అంటుకుని ఉండగా, తెర నిండా మంచు చూశాడు. చలి అంటే ఏమిటో అతనికి అప్పుడే తెలిసింది. ఆ తర్వాత ఎర్రటి కోక్ మీద నీళ్ళు గుమ్మరించినప్పుడు తెల్లటి ఆవిరి ఆకాశానికి లేస్తుంటే, పని ఆపి కాసేపు అటే చూసేవాడు.

"ఏటి బావా, పడవొత్తందా?" అనేవాడు పక్కన పనిచేసే దాలయ్య.

ఆ ఏడు ఎండాకాలంలో శివరామకృష్ణ ఒక మేస్త్రీ వెంట గుజరాత్ వైపు వెళ్ళాడు. అక్కడ పాత ఓడల్ని గట్టుకు తెచ్చి కోస్తారు. వెల్డింగ్ తెలిసినవాళ్ళకి పనికి లోటు లేదన్నారు. నవ్వుతూనే వెళ్ళాడు. తర్వాత ఒక ఆదివారం జంక్షన్లో ఎస్టీడీ బూత్ ఆయన మనిషిని పంపితే కామరాజు వెళ్ళి ఫోను పట్టుకున్నాడు.

"అన్నియ్యా, రెండోది వచ్చీసిందేటి?"

"ఇంకా నేదురా. నువ్వెలగున్నావు?"

"బాగున్నాను. వచ్చినప్పుడు నాకు సీటు పట్టు. ఫ్యాను కింద. నాను ఎక్కడున్నా మొదటాటకి వచ్చీస్తాను."

"పని ఎలగుందిరా?"

లైను తెగిపోయింది. బూత్ ఆయన కాసేపు చూసి ఫోను పెట్టేశాడు.

అదే ఆఖరు మాట. తర్వాత ఫోను రాలేదు. మనిషీ రాలేదు. మేస్త్రీని అడిగితే, వేరే గుంపుతో వెళ్ళిపోయాడన్నాడు. కామరాజు సెలవు పెట్టి వెళ్ళాడు. బురదలో సగం కోసిన ఓడలు, ఒకటి రెండు తెలుగు మొహాలు. అలాంటి పేరున్నవాడు ఉండేవాడనీ, లేడనీ, ఎటో పోయాడనీ తలొక మాట చెప్పారు. బతికున్నాడని ఎవరూ అనలేదు, పోయాడనీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో కామరాజు కిటికీ పక్క సీటు మీద కర్చీఫ్ వేశాడు. అప్పుడు మొదలైంది అలవాటు.

రెండో భాగం రెండువేల సంవత్సరంలో వచ్చింది. మొదటి ఆటకి రెండు టికెట్లు తీసుకున్నాడు. పరిగెత్తి ఫ్యాను కింద కర్చీఫ్ వేశాడు. తెర మీద పడవవాడు మంచు మీద నడుస్తున్నాడు. కామరాజు ఒక కన్ను తెర మీద, ఒక కన్ను తలుపు మీద పెట్టి చూశాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎండ లోపలికి పడి, మళ్ళీ చీకటయ్యేది. పడవవాడు రేవు చేరలేదు. ఇంకా ఉంది అని తెర మీద అక్షరాలు పడ్డాయి.

"సెలవు దొరికుండదు ఆడికి. మూడోదానికి వత్తాడు," అన్నాడు ఇంటికొచ్చి.

వరహాలమ్మ అతనికి మేనమామ కూతురు. చిన్నప్పట్నుంచీ అతన్ని బావా అనే పిలుస్తుంది. ఆవిడ అన్నం వడ్డించింది.

మూడో భాగానికి హాలు కిక్కిరిసిపోయింది. ఎవరో కుర్రాడు కర్చీఫ్ తీసి కామరాజు ఒళ్ళోకి విసిరి కూర్చోబోయాడు.

"మనిషి నేడు. గుడ్డకి టికెట్టు తీసినావేటి మావా?"

చుట్టూ నవ్వారు. కామరాజు జేబులోంచి రెండో టికెట్టు తీసి చూపించాడు. కుర్రాడు దాన్ని తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. "పిచ్చోడ్రా బాబూ" అంటూ వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆ సీటు ఆట అయ్యేదాకా ఖాళీగానే ఉంది. ఈసారి పడవవాడికి దూరంగా లాంతరు వెలుగు కనిపించింది. అంతలో మళ్ళీ ఇంకా ఉంది.

ఆ మాట అతనికి ఇష్టం. ఇంకా ఉంది అంటే ఒక రోజు ఉంది. ఆ రోజు ఏదో, ఏ నెలో, ఎవరికీ తెలియదు. కానీ ఉంది. ఆ రోజున తమ్ముడు రావచ్చు. మిగతా రోజుల్లో రాకపోయినా తప్పు లేదు. వస్తానన్నది ఆ రోజుకే.

రెండువేల ఆరులో నాలుగో భాగం వస్తుందన్నారు. పేపర్లో సగం పేజీ బొమ్మ వేసి, కింద 'ముగింపు' అని రాశారు. దాలయ్య క్యాంటీన్లో ఆ కాగితం తెచ్చి కామరాజు ముందు పరిచాడు.

"అయిపోతందట బావా. ఇంక నీకు సుకం. సినిమా కబుర్లు మాకు తప్పిపోతాయి."

కామరాజు ఆ ఒక్క మాటనే చూస్తూ కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. తాగకుండా లేచి పనిలోకి వెళ్ళాడు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. రేకుల హాలు ఇప్పుడు సినిమా హాలు కాదు. కిందటేడు రేకులు విప్పేసి, స్లాబు వేసి, కల్యాణ మండపం చేశారు. మంచురేవు ఆడేది టౌన్లో, ద్వారకా నగర్ అవతల, ఏసీ హాల్లో. అక్కడ సీట్లకి నంబర్లున్నాయి. కర్చీఫ్‌తో పని లేదు.

శివరామకృష్ణ ఎక్కడికి వస్తాడు?

అతనికి తెలిసింది రేకుల హాలు. మొదటి ఆటకి వస్తానన్నది అక్కడికి. బస్సు దిగి నేరుగా అక్కడికే వస్తాడు. గేటు దగ్గర ఎవరూ లేకపోతే వెనక్కి తిరుగుతాడు. అలాగని టౌన్లో పోస్టర్లు చూసి అక్కడికే వస్తే? రెండు చోట్లా ఒక్క మనిషి నిలబడలేడు.

బొమ్మ విడుదలకి ముందురోజు సాయంత్రం కామరాజు రెండు టికెట్లు తెచ్చి వరహాలమ్మ చేతిలో పెట్టాడు.

"నువ్వెల్లు."

"నానేటి, సినిమాకేటి! నీకేటైనా మతి పోనాదా? ఎన్నేళ్ళ బట్టి సూస్తన్నావు దీనికోసం. ఆకరి బొమ్మ నువ్వు సూడక నన్నెల్లమంటావేటి?"

"నాను రేకుల హాలు కాడ ఉంటాను."

వరహాలమ్మ టికెట్లు చూసింది, అతని మొహం చూసింది. టికెట్లు కొంగున ముడేసుకుంది. తర్వాత అంది:

"ఒక్కర్తినీ సినిమాకెల్లడం పుట్టాక ఇదే బావా. ఏ సీట్లో కూకోవాల?"

"గోడ పక్కది ఆడికుంచు. రెండోదాంట్లో నువ్వు."

శుక్రవారం పొద్దున్న ఆమె కొత్త చీర కట్టుకుని టౌను బస్సు ఎక్కింది. కామరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని పాత హాలుకి నడిచాడు. వెళ్ళి చూస్తే గేటుకి అరటి చెట్లు కట్టి ఉన్నాయి. పెళ్ళి. పగటి ముహూర్తం. మేళం మోగుతోంది.

అతను గేటు పక్కన నిలబడి రోడ్డు వైపు చూడటం మొదలుపెట్టాడు. ఇద్దరు ఆడపిల్లలు వచ్చి పన్నీరు చిలకరించారు. ఒకాయన చేతులు జోడించాడు.

"రండి రండి. పెళ్ళికొడుకు వైపా, పెళ్ళికూతురు వైపా?"

కామరాజు రోడ్డు వైపు చూపించాడు. "మా తమ్ముడు రావాల," అన్నాడు.

"వత్తాడు, వత్తాడు. ఎండలో ఎందుకు, లోపలికి రండి."

రానన్నాడు. మళ్ళీ పిలిచారు. మళ్ళీ రానన్నాడు. బస్సు ఆగినప్పుడల్లా దిగేవాళ్ళని ఒక్కొక్కళ్ళనే చూశాడు. తొమ్మిదేళ్ళలో మనిషి లావెక్కి ఉండొచ్చు. జుట్టు ఊడి ఉండొచ్చు. అందుకని వయసులో ఉన్న మగవాళ్ళందరినీ చూశాడు. ఒకళ్ళిద్దరు అనుమానంగా తిరిగి చూసి వెళ్ళిపోయారు. ఇప్పుడు టౌన్లో తెర మీద మంచు పడుతూ ఉంటుంది. ఆ సంగతి గుర్తొచ్చి చెయ్యి చల్లగా అనిపించింది.

తాళి కట్టారు. మేళం జోరందుకుంది. చేతులు జోడించిన ఆయనే మళ్ళీ వచ్చి ఈసారి చెయ్యి పట్టుకున్నాడు. పెళ్ళి వాకిట్లో నిలబడ్డవాణ్ణి తినకుండా పంపితే బాగుండదన్నాడు. వీధి తలుపు తెరిచే ఉంది. లోపలి నుంచి గేటు కనిపిస్తుంది. కామరాజు వెళ్ళాడు.

భోజనాల బల్లలు వేసింది ఒకప్పుడు కుర్చీలుండేచోటే. తెర ఉన్న గోడకి ఇప్పుడు ఆకుపచ్చ రంగు వేశారు. పైన ఎన్నో ఫ్యాన్లు. అయినా పాత ఫ్యాను ఎక్కడుండేదో అతనికి తెలుసు. అక్కడికి వెళ్ళి, దాని కింద పడే కుర్చీలో కర్చీఫ్ వేసి, పక్కదాంట్లో కూర్చున్నాడు. ఆలోచించి చేసిన పని కాదు.

ఆకులు వేసే మనిషి ఆగాడు. "ఇక్కడ మనిషున్నాడేటండీ?"

"ఉన్నాడు."

ఆకు వేశాడు. వెనకొచ్చినవాళ్ళు వరసగా వడ్డించుకుంటూ పోయారు. పులిహోర, బూరెలు, పప్పు, గుమ్మడికాయ దప్పళం. అన్నం వేసినవాడు ఖాళీ కుర్చీ చూసి ఒక క్షణం ఆగి, వేసి వెళ్ళాడు. కామరాజు మెల్లగా తింటూ గేటు వైపు చూస్తున్నాడు. బంతి సగమైంది. పక్క ఆకులో అన్నం మీద ఆవిరి పోయింది. నెయ్యి పేరుకుంది.

పెళ్ళివారి తాలూకు ముసలావిడ ఒకరు బంతి చూసుకుంటూ వచ్చి అక్కడ నిలబడిపోయింది.

"ఎవులకేయించినావు బాబూ ఈ ఆకు?"

"మా తమ్ముడికి."

"ఏడీ?"

"వత్తాడు."

"ఎప్పుడొత్తాడు? పెరుగు కూడా వచ్చీసినాది." గొంతు తగ్గించి, వంగి అంది: "తినీవోడు నేకుండా ఆకు నిండా వడ్డించి ఎవులకి పెడతారో ఎరగవా నాయినా? పెళ్ళిలో పెట్టిస్తావేటి?"

కామరాజుకి తెలుసు. అందరికీ తెలుసు. అమ్మకి పెట్టాడు, నాన్నకి పెట్టాడు. అలాగే, ఆకు నిండా, ఎదురుగా ఎవరూ లేకుండా. బల్ల మీద ఇటూ అటూ తింటున్నవాళ్ళ చేతులు ఆగాయి. ఆకు తీసేద్దామని వడ్డించే మనిషి చెయ్యి చాచాడు.

"తియ్యకండి," అన్నాడు కామరాజు.

కర్చీఫ్ తీసి జేబులో పెట్టుకున్నాడు. తన ఆకు మడిచి, తమ్ముడి ఆకు తన ముందుకు లాక్కున్నాడు. చల్లారిన అన్నంలో పప్పు కలిపాడు. తిన్నాడు. పులిహోర తిన్నాడు, బూరెలు తిన్నాడు. కడుపులో చోటు లేదు. అయినా ఆకులో మెతుకు మిగలకుండా తిన్నాడు. తిన్నంతసేపూ గేటు వైపు చూడలేదు. ముసలావిడ కదల్లేదు. ఆఖరున తనే పెరుగు పోసింది.

"తిను నాయినా, తిను," అంది.

సాయంత్రం పెళ్ళివారు బస్సెక్కి వెళ్ళిపోయారు. పనివాళ్ళు కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చుతున్నారు. గేటు దగ్గర అరటి చెట్లు వాలిపోయాయి. వరహాలమ్మ జంక్షన్లో బస్సు దిగి, ఇంటికి పోకుండా ఇటే వచ్చింది. వస్తూనే అతని వెనకా పక్కా చూసింది. ఎవరూ లేరు. అతను ఆమె వెనక చూశాడు. అక్కడా లేరు.

ఇద్దరూ నడవడం మొదలుపెట్టారు.

కొంత దూరం పోయాక ఆమే అంది: "ఇంటర్‌బెల్లులో ఒకాయన వచ్చి బేగు పెట్టుకుంటానన్నాడు ఆ సీట్లో. నాను పెట్టనీలేదు. చెయ్యి ఏసే ఉంచినాను. ఆ ఏసీకి చెయ్యి కొంకర్లు పోయినాది గానీ తియ్యలేదు బావా."

అతను తలూపాడు. ఇంకొంత దూరం నడిచారు.

"ఏటయినాది ఆకర్ని?"

వరహాలమ్మ నడక తగ్గించింది. చీర కొంగు సర్దుకుంది. తప్పు చేసినదానిలా నేల చూస్తూ అంది:

"వచ్చీసినాడు."

"ఎవుడు?"

"ఆ పడవోడు. రేవుకి వచ్చీసినాడు. ఆ పిల్ల ముసల్దయిపోనాది. లాంతరట్టుకుని ఉన్నాది. ఈడు దిగినాడు. ఇద్దరూ పట్టుకుని ఏడిసినారు. హాల్లో అందరూ సప్పట్లు, ఈలలు, కాయితాలు ఎగరేసీసినారు." కొంచెం ఆగి, "నానూ ఏడిసీసినాను," అంది.

"తర్వాత?"

"తరవాతేటి? అయిపోనాది. దీపాలేసీసినారు."

కామరాజుకి సంతోషం కలగలేదు. ఆ మనిషి ఒడ్డు చేరాలని తొమ్మిదేళ్ళు కోరుకున్నవాడే. షిఫ్టులో, బస్సులో, నిద్రలో కోరుకున్నాడు. ఇన్నాళ్ళూ ఆ మంచులో ఇద్దరుండేవారు. ఒకడు దారి వెతుక్కుంటున్నంతకాలం రెండోవాడికి తోడు ఉన్నట్టుండేది. ఇప్పుడు ఆ పడవవాడు ఇంటికి పోయాడు. అక్కడ శివరామకృష్ణ ఒక్కడే మిగిలాడు. ఇక రమ్మని చెప్పటానికి ఒక రోజు కూడా లేదు.

"నువ్వు కూడా ఎల్లి సూడరాదా? రేపు ఆడతాది, ఎల్లుండాడతాది," అంది వరహాలమ్మ.

"ఎందుకు?" అన్నాడు.

ఇంటికొచ్చాక ఆమె అన్నం పెట్టబోతే ఆకలి లేదన్నాడు. ఎందుకు లేదో చెప్పలేదు. పెళ్ళిలో తిన్న సంగతి ఆ తర్వాత కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు పొద్దుటి షిఫ్టు. కామరాజు మామూలుగానే క్యారేజీ పట్టుకుని ఫ్యాక్టరీ బస్సెక్కాడు. బస్సు సగం ఖాళీ. తన సీటు దగ్గరికి వెళ్ళి ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత లోపలికి జరిగి కిటికీ పక్కన కూర్చున్నాడు.

రెండో స్టాపులో దాలయ్య ఎక్కాడు. వచ్చి, రోజూ నిలబడినట్టే కడ్డీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. పక్క సీటు మీద ఏమీ లేదని కాసేపటికి గానీ చూడలేదు. చూసి, అంచు మీద కూర్చున్నాడు.

కామరాజు జేబులోంచి కర్చీఫ్ తీశాడు. దాలయ్య సగం లేచాడు.

కామరాజు ఆ కర్చీఫ్‌తో కిటికీ అద్దం మీది చెమ్మ తుడిచి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.